మారుకాళ్ల పీఠం

ఏడో కాలు ఆరో కాలికి మరీ దగ్గరగా ఉంది. భూలక్ష్మి తెర మీది గీతను వెంట్రుకవాసి కుడివైపుకు జరిపి, సూక్ష్మదర్శిని కింద ఉన్న అసలు బిళ్లను మరోసారి చూసింది. బిళ్ల మిరియపు గింజలో సగం ఉంటుంది. దాని అడుగున రెండు వరసల్లో వెండి కాళ్లు. బోర్డులు కూర్చే యంత్రం కూర్పరి పంపిన పాదముద్రలో, అంటే బిళ్ల కాళ్లు బోర్డు మీద ఆనే చోట్ల గీతలో, కాళ్లన్నీ సమాన దూరంలో ఉన్నాయి. అసలు బిళ్లలో లేవు; పోత పోసేచోట అచ్చు ఎక్కడో అరిగినట్టుంది.

"గీత అసలుకు సరిపోలేదు. సరిచేశాను," అని రాసింది.

కూర్పరి వెంటనే ఒప్పుకుంది. దానికి పంతాలు లేవు. తెర మీద గడులు వరసగా తెరుచుకున్నాయి. భాగం పేరు, కాళ్ల వరస, ఒక్కో కాలి పని, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఎవరు అడిగారన్నది, చివర షరతులు: తడి తగలరాదు, ఇంతకు మించి వేడెక్కరాదు. షరతుల గడిలో మనిషి ఏది రాస్తే దాన్ని కూర్పరి అక్షరం పొల్లు పోకుండా పాటిస్తుంది. భూలక్ష్మి అన్నీ చదివి, తెర అంచున ఉన్న గాజుబిందువులోకి చూసింది. అది ఆమె కంటిపాపను పోల్చుకుని సంతకం తీసుకుంది. భాగం, గీతలన్నీ దాచే భాండారంలో చేరింది. సాయంత్రానికి ఆ పాదముద్ర అన్ని ముద్రణశాలల్లోనూ లక్షల బోర్డుల మీద పడుతుంది.

ఆమె పనిచేసే గది గోదావరిఖని ఊరి కింద, బొగ్గు అయిపోయిన గనిలో ఉంది. సొరంగాల గోడలకు గాజుపూత పూశారు కాబట్టి దుమ్ము రాలదు. ఎండాకాలం పగటిపూట మనుషులు పైన తిరగడం మానేశాక, చల్లగాలి ఆడే ఈ సొరంగాలే ఊరికి బజారయ్యాయి. ముద్రణశాల, పక్కన క్యాంటీను, ఆ పక్కన బడి, అన్నిటికన్నా లోపల తిరగలి.

భూమిలోంచి కొత్త లోహం తీయడం మానేసి ఒక తరం దాటింది. ఉన్న రాగి, ఉన్న వెండి, ఉన్న తగరమే తిరుగుతుంటాయి. చెడిన బోర్డు పట్టీ మీద తిరగలిలోకి వెళ్తుంది, పొడి అవుతుంది, ఆ పొడిలోంచి లోహం వస్తుంది, ఆ లోహంతో అదే రోజు కొత్త బోర్డు పుడుతుంది. బాగుచేయడం అన్న మాట పెద్దవాళ్ల నోట తప్ప వినిపించదు. తిరగళ్లన్నిటినీ నడిపేదీ, బోర్డులన్నిటినీ కూర్చేదీ కూర్పరే. వాటిలోకి కావలసిన భాగాలను కూడా అదే గీస్తుంది. ఎన్నడో ఒక ఆస్పత్రిలో ఊపిరి యంత్రాలన్నీ ఒకేసారి ఆగిపోయి, కారణం వెతికితే ఒక భాగం పాదముద్ర తప్పు పడిందని తేలాక, ప్రతి కొత్త భాగాన్నీ అసలుతో పోల్చి మనిషి కంటిసంతకం చేయాలన్న చట్టం వచ్చింది. భూలక్ష్మి ఉద్యోగం ఆ చట్టం వల్ల ఉన్నదే.

మధ్యాహ్నం టీ తెచ్చుకుందామని లేచేసరికి గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఎడమ చేత్తో కుడి చేతిని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు, రొమ్ముకు ఆనించుకుంది. చంకన ఒక స్టీలు డబ్బా సంచి.

"నువ్వు భూలక్ష్మివే కదా బిడ్డా? మీ తమ్ముని పెండ్లికి సకినాలు చుట్టింది నేనే."

"కనకవ్వా! లోపటికి రా, కూసో. ఇంత కిందికి ఎట్లొచ్చినవ్?"

"లిఫ్టుల వచ్చిన. నడిచొస్తనా?"

కూర్చున్నాక కనకవ్వ తన కుడి చేతిని బల్ల మీద పెట్టింది. అది పెట్టుడు చెయ్యి. చిన్నతనంలో ఆమె తిరగలి దగ్గర పనిచేసేది. పట్టీ లాక్కున్న చేతికి బదులుగా ముద్రణశాల వాళ్లు ఇచ్చారు. ఆ తర్వాత రెండుసార్లు మార్చారు. ఇది మూడోది. వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు సగం ముడిచి అలాగే బిగుసుకుపోయి ఉన్నాయి. గోళ్ల సందుల్లో ఎండిపోయిన బియ్యప్పిండి.

"మొన్న పొద్దున చుట్టుకుంట చుట్టుకుంట ఆగింది. పిండి పట్టుకున్నది పట్టుకున్నట్టే. పైన సెంటరుకు పోతే, ఇది ఇచ్చెయ్యి, ఇయ్యాల్నే కొత్తది పెడతమన్నరు. మంచిగ మాట్లాడిండ్రు, తప్పనను."

"మరి?"

"కొత్తదానికి ఏం తెల్వది బిడ్డా. దీనికి ముందటి చెయ్యి చుట్టుడు సగం నేర్సుకోంగనే చెడింది. ఇది మొదటి రోజు ఎట్ల చేసిందో ఎరికేనా? పిండి చేతిల పెడితే పిసికి అవతల పారేసింది. దాన్ని బుదరకిచ్చి, బతిలాడి, తిట్టి, ఒక్కో వేలుకు ఒక్కో మాట చెప్పి నేర్పిన. ఇప్పుడు నా మనసు చెప్పకముందే మెలి వేస్తది. మళ్ల మొదటికెల్లి నేర్పేటందుకు నాకు ఏండ్లెక్కడియి?"

భూలక్ష్మి ఆ బిగుసుకున్న వేళ్లను మెల్లగా తాకి చూసింది. ఇలాంటివాటికి తన దగ్గర ఏ గడీ లేదు.

"నువ్వు లోపటివన్నీ గీస్తవంటరు. జర ఇప్పి చూడు. కాదంటే కాదను, పోయి ఇచ్చేస్త."

అరచేతి మూత విప్పడానికే చాలాసేపు పట్టింది. విప్పడానికని చేసింది కాదది. లోపల గోరంత బోర్డు. సూక్ష్మదర్శిని కింద పెట్టగానే జబ్బు కనిపించింది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును కొలిచి అందరికీ పంచే కాపలాబిళ్ల మాడిపోయి, దాని చుట్టూ నల్లటి మరక. మిగతావన్నీ బాగున్నాయి. చెయ్యి నేర్చుకున్నదంతా దాచుకునే నేర్పుగడి పక్కన ఆకుపచ్చ చుక్క ఇంకా వెలుగుతోంది. దానికంటూ చిన్న కరెంటు ఘటం ఒకటి ఉంది. అది మహా అయితే రేపటిదాకా నిలుస్తుంది. ఆ తర్వాత నేర్పుగడి ఖాళీ.

మాడిన బిళ్లలాంటిది ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. దాని గీతను కూడా భాండారంలోంచి ఎప్పుడో తీసేశారు. ఇప్పటి కాపలాబిళ్లలు పని అదే చేస్తాయి గాని, వాటి కాళ్ల వరస వేరు; పాత చోట కూర్చోవు. మధ్యలో ఒక పీఠం కావాలి. అడుగున పాతబిళ్ల కాళ్లు, పైన కొత్తబిళ్లకు చోటు, నడుమ ఏ కాలి నుంచి ఏ కాలికి పోవాలో ఆ తీగలు. మారుకాళ్ల పీఠం. గీయడం కష్టం కాదు. కాని భాండారంలో లేనిదాన్ని ముద్రణయంత్రం ముట్టుకోదు. భాండారంలో చేరాలంటే ఎవరో అడిగి ఉండాలి. ఇంతవరకు ఆ గడిలో కూర్పరి పేరు తప్ప మరో పేరు పడలేదు.

"ఇక్కడ్నే ఉండు అవ్వా," అని ఆమె సదయ్య గదికి వెళ్లింది.

సదయ్య షిఫ్టుకు పెద్ద. నెమ్మదస్థుడు. భోజనం గిన్నె మూత పెడుతూ అంతా విన్నాడు.

"ఎవరూ అడగంది గీసుడేంది చెల్లె?"

"కనకవ్వ అడిగింది కదన్నా."

"కనకవ్వ మనిషి." అని గిన్నెను పక్కకు జరిపాడు. "అందరి భాండారంల కాదు, ఏకాంతం కింద వెయ్యి. ప్రయోగం అని రాయి. ఒక్కటే ముద్రించుకో. షిఫ్టు కాంగనే దానంతటదే చెరిగిపోతది. ఆమె చెయ్యి ఆమెకుంటది, మన నౌకర్లు మనకుంటయి. నేనైతే ఏం చూడలే."

భూలక్ష్మికి అది చాలనిపించింది.

వేడిగాలి ఊదే గొట్టంతో మాడిన బిళ్లను ఊడదీసి, కాళ్లు పైకి కనిపించేలా వెల్లకిలా పడుకోబెట్టి కొలిచింది. పాతకాలపు కొలతలు. ఇప్పటివాటికంటే కాళ్లు లావు, మధ్య ఎడం ఎక్కువ. రెండు వరసలూ అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా ఉన్నాయి. తెర మీద ఒక్కో కాలికి చదరం గీసింది. బోర్డు మీద ఒక్కో గీత ఎటు పోతోందో సూదిమొనతో పట్టుకుంటూ వెళ్లి, ఇది బ్యాటరీది, ఇది ఎర్తుది, ఇది నేర్పుగడికి పోయేది అని పేర్లు రాసింది. పైన కొత్తబిళ్ల పాదముద్రను భాండారంలోంచి తెచ్చి కూర్చోబెట్టింది. నడుమ తీగలు కలిపింది. ఎవరో గీసినదాన్ని సరిచూడటమే తప్ప, తన అవసరం కోసం తాను మొదటినుంచీ గీయడం ఆమెకు ఇదే మొదలు. మెడ నొప్పి పుట్టిందని కూడా గమనించలేదు.

కూర్పరిని అడిగితే, "పాదముద్ర కొలతలకు సరిపోయింది," అంది.

ముద్రణకు పంపే ముందు ఆమె పాదముద్రను అసలు పరిమాణంలో పలుచటి కాగితం మీద తీసి, చెయ్యిలోని బోర్డు మీద పరిచి చూసింది. ప్రతి చదరమూ ప్రతి కాలి చోటు మీద అచ్చంగా పడింది. కాగితం తీసేయబోతూ ఆగింది. బోర్డు మీద మొదటి కాలు ఇదీ అని చెప్పే తెల్ల చుక్క ఎడమ మూలన ఉంది. కాగితం మీద చుక్క కుడి మూలన ఉంది.

తాను కొలిచింది వెల్లకిలా వేసిన బిళ్లను. వెల్లకిలా వేస్తే కుడి ఎడమవుతుంది. పీఠం చక్కగానే కూర్చునేది. కాని బ్యాటరీ కరెంటు నేరుగా నేర్పుగడిలోకి వెళ్లి, కనకవ్వ నేర్పిందంతా కన్నుమూసి తెరిచేలోగా కాలిపోయేది. కూర్పరికి అది తెలిసే వీలు లేదు. మనిషి ఇచ్చిన కొలతలకు గీత సరిపోయిందా లేదా అన్నదే దాని లెక్క.

భూలక్ష్మి కుర్చీలో వెనక్కి వాలింది. కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం కాలేదవ్వా. అయ్యేది, కాలేదు."

గీతను తిప్పి, మళ్లీ కాగితం తీసి, రెండుసార్లు పరిచి చూసింది. అయినా ధైర్యం చాలలేదు. ముందు ఇలాంటిదే ఒక పాడైన బోర్డు మీద అతికించి చూస్తే మేలనుకుంది. పాడైన బోర్డులు దొరికేచోటు ఒకటే.

తిరగలి దగ్గరికి ఆమె ఎప్పుడోగాని వెళ్లదు. సొరంగం చివర, గుమ్మటంలా తవ్విన గదిలో ఆ యంత్రం గొణుగుతూ తిరుగుతుంటుంది. దాని నోటి దాకా పోయే పట్టీ మీద బోర్డులు వరసగా కదులుతున్నాయి. పొయ్యిలవి, ఫ్యాన్లవి, చెవి యంత్రాలవి. పెట్టుడు చేతుల, కాళ్ల బోర్డులు వేరే తొట్టిలో వచ్చి పట్టీ మీద పడతాయి. ఆమె తొట్టి మీదికి వంగింది.

పై దీపం నీడలో లోపల చీకటిగా ఉంది. ఆ చీకట్లో ఆకుపచ్చ చుక్కలు మెరుస్తున్నాయి. కొన్ని గట్టిగా, కొన్ని వెలవెలబోతూ.

ఒకటి తీసి చూసింది. అదే కాపలాబిళ్ల, అదే నల్లటి మరక. ఇంకొకటి తీసింది. అదే. అడుగుదాకా చేయి పెట్టి తీసినవన్నీ దాదాపు అవే. వయసైపోయిన ఒకే ఒక్క బిళ్ల, ఆ తరం చేతుల్నీ కాళ్లనీ ఒకదాని తర్వాత ఒకటిగా ఆపేస్తోంది. నేర్పు మాత్రం దేనిలోనూ చెడలేదు. ఏ చెయ్యి ఏం నేర్చుకుందో చెప్పేవాళ్లు లేరు. కుట్టుపనో, జడ వేయడమో, ఇంకేదో.

పట్టీ మీద ఉన్నది ఒకటి తిరగలి నోట్లోకి జారింది. చప్పుడేమీ రాలేదు.

ఆమె ఒక బోర్డు తీసుకుని వెనక్కి వచ్చేసరికి సదయ్య ఆమె గదిలోనే ఉన్నాడు. కనకవ్వతో మాట్లాడుతున్నాడు. ఇద్దరికీ తెలిసిన వాళ్ల పెళ్లి గురించి.

"అన్నా, ఏకాంతం వద్దు. దీన్ని అందరి భాండారంలో పెడత."

సదయ్య ముఖంలో నవ్వు పోయింది. "ఎందుకు?"

ఆమె చేతిలోని బోర్డును సూక్ష్మదర్శిని కింద పెట్టింది. అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"తొట్టి నిండ ఇవే ఉన్నయి. బతికే ఉన్నయి."

"చెల్లె, ఒకటి చెప్త, విను. ఇవన్నీ తిరగలికి పోకుంట ఆగినయనుకో. కొత్తయి దేంతోటి చేస్తరు? రాగి అదే, వెండి అదే. పైన ఎంతమంది వరసల ఉన్నరో నీకు తెల్వదా?" అతని గొంతు పెరగలేదు. "మా మనవరాలికి కాలు వచ్చే వారం వస్తదన్నరు. మొన్ననే కొలత తీసుకపోయిండ్రు. పిల్ల రోజూ అడుగుతున్నది."

ఈ సంగతి భూలక్ష్మికి తెలియదు. పాపను రెండుసార్లు బడి దగ్గర చూసింది, వాళ్లమ్మ ఎత్తుకుని తీసుకెళ్తుండగా. బల్ల మీది కాగితాలను సర్దింది.

"నేను ఆపమంటలేను అన్నా," అంది చివరికి. "అడగమంటున్న. పీఠం పెట్టుకుంటవా, ఇచ్చేస్తవా అని. ఇచ్చేటోళ్లు ఇస్తరు. షరతుల గడిలో అదొక్కటే రాస్త."

"ఎవరూ ఇయ్యకపోతే?"

"అప్పుడేమైతదో నాకూ తెల్వదు."

సదయ్య బయటికి వెళ్లిపోయాడు. భూలక్ష్మి పని ఆపలేదు. షరతుల గడిలో ఇలా రాసింది: ఈ పీఠం సరిపోయే బోర్డు దేన్నైనా తిరగలిలో వేసే ముందు, దాన్ని వాడిన మనిషిని అడగాలి. అడిగినవారు అన్న గడిలో కనకవ్వ పేరు రాసింది. కూర్పరి ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఆ గడిలో మనిషి పేరు ఉండకూడదని ఎవరూ ఎక్కడా రాయలేదు. గాజుబిందువులోకి చూసి తన కంటిసంతకం పెట్టింది. అందరి భాండారంలోకి కొత్త తరహా భాగం చేరాలంటే రెండో మనిషి సంతకం కూడా కావాలి. తెర మీద ఆ గడి ఖాళీగా మిణుకుతోంది.

"ఆ పిలగానికి కోపమొచ్చినట్టున్నది," అంది కనకవ్వ. సదయ్యకు అరవై దగ్గర పడ్డాయి.

"వస్తది మరి."

"నాది ఇచ్చేస్త బిడ్డా. పసిపిల్ల కాలు కదా."

"నీ ఒక్కదానితోని అయ్యేది కాదవ్వా. ఉండు."

సదయ్య క్యాంటీను దాకా వెళ్లి మూడు టీలతో తిరిగొచ్చాడు. కనకవ్వకొకటి, భూలక్ష్మికొకటి ఇచ్చి, తనది నిలబడే తాగాడు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి తెర ముందుకు వంగాడు.

"అడగక తీసుకున్నది పిల్లకు తొడిగి, మంచిగ నడువు బిడ్డా అని నేను అనలేను," అన్నాడు గాజుబిందువులోకి చూస్తూనే. "ఇంట్ల ఏం చెప్పుకోవాల్నో చూస్త."

సంతకం పడింది.

ముద్రణయంత్రం పీఠాన్ని బియ్యపు నూకంత చేసి ఇచ్చింది. భూలక్ష్మి దాన్ని తొట్టిలోంచి తెచ్చిన బోర్డు మీద ముందు అతికించింది. మాడలేదు. తర్వాత దాన్ని ఊడదీసి, శుభ్రం చేసి, కనకవ్వ చేతిలో అతికించి, పైన కొత్త కాపలాబిళ్లను కూర్చోబెట్టింది. బ్యాటరీ కలిపింది.

ముడిచిన వేళ్లు ఒక్కసారి పూర్తిగా ముడుచుకున్నాయి. తర్వాత ఒకటొకటిగా విచ్చుకున్నాయి.

కనకవ్వ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. నువ్వులు, వాము కలిపి తడిపిన పిండి. బల్ల మీద తన కొంగు పరిచింది. పిండిముద్దను కొత్తగా లేచిన చేతికి అందించింది. బొటనవేలు, చూపుడువేలు పిండిని పట్టుకుని మెలిక తిప్పడం మొదలుపెట్టాయి. మొదటి చుట్టు వంకరగా వచ్చింది, ఒకచోట తెగింది.

"కొత్త కరెంటు కదా, తొందర పడుతున్నది. ఆగవే, ఎవరు తరుముతున్నరు నిన్ను?" అంది చేతితో. తెగినచోట ఎడమ చేత్తో అతికించింది. రెండో చుట్టు కుదురుగా సాగింది. మూడో చుట్టు వేస్తున్నప్పుడు ఆమె చేతి వైపు చూడటం కూడా లేదు, సదయ్యను చూసి, "నీ మనవరాలి పేరేంది?" అని అడుగుతోంది. ఈలోపు వేళ్లు మెలికను తిప్పుకుంటూ వచ్చి, కొసను మొదలుకు ఆనించి నొక్కి వదిలేశాయి.

"వెన్నెల," అన్నాడు సదయ్య. అతని కళ్లు ఆ సకినం మీదే ఉన్నాయి.

మరునాడు పొద్దున భూలక్ష్మి లిఫ్టు దిగగానే ఏదో లోటు అనిపించింది. సొరంగంలో ఎప్పుడూ ఉండే గొణుగుడు లేదు. తిరగలి ఆగి ఉంది.

ఆమె అనుకున్నది ఆ ఒక్క తరం చేతులు, కాళ్ల గురించే. కూర్పరి అంతటితో ఆగలేదు. మారుకాళ్ల పీఠమన్న ఉపాయాన్ని అది నేర్చుకుంది. ఆగిపోయిన ప్రతి బోర్డుకూ, పొయ్యిలవాటికీ, ఫ్యాన్లవాటికీ, చెవి యంత్రాలకూ, తగిన పీఠాన్ని రాత్రికి రాత్రే గీసి, కంటిసంతకాల కోసం వరసలో పెట్టింది. ప్రతి పీఠంతోపాటూ భూలక్ష్మి రాసిన షరతు కూడా వెళ్లింది. ఇప్పుడు పీఠం సరిపోని బోర్డంటూ లేదు. కాబట్టి కూర్పరి అందరినీ అడుగుతోంది. మిగతా ఊళ్లలోని తిరగళ్లూ ఆగి ఉన్నాయని, సంతకాలు ఎవరివని పైవాళ్లు రెండుసార్లు అడిగారని సదయ్య చెప్పాడు.

"ఏం చెప్పినవన్నా?"

"మావే అన్న. ఇంకేం చెప్త?" అతను కూర్చోలేదు. "వెన్నెల కాలు ఈ వారం రాదట. ఆమెకే చెప్పిన ముందు. ఎవరినో అడుగుతున్నరు బిడ్డా, వాళ్లు సరే అనాలె అన్న. ఎవరినని అడిగింది. తెల్వదన్న."

ఇద్దరూ తెర ముందు నిలబడి జవాబులు రావడం చూశారు. చాలావరకు ఒకే మాట: వేసెయ్యండి. కొందరు పీఠం కావాలన్నారు. ఒకామె, పొయ్యి బోర్డుకు కూడా అడగాలా, పనీపాటా లేదా అంది. ఒకతను తన పాత కాలిని ఇచ్చేస్తూ, ఎవరికి పోతుందో చెప్తారా అని అడిగాడు. వేసెయ్యమన్నవాళ్ల బోర్డులు ఒక్కొక్కటే తిరగలిలోకి జారాయి. పట్టీ అడుగులో అడుగు వేసుకుంటూ కదిలింది.

అంతలో పూర్తిగా ఆగింది. పట్టీ మొదట్లో ఉన్నది ఒక చేతి బోర్డు. మంథనిలో ఎవరిదో. ఆ మనిషి జవాబు తెర మీద ఉంది.

రేపు చెప్త.

కూర్పరి ఆ మాటను ఏ గడిలోనూ పెట్టలేకపోయింది. తెర మధ్యలో ఒక ప్రశ్న వెలిగింది. ఇన్నేళ్లలో అది భూలక్ష్మిని కొలతల గురించి తప్ప ఏమీ అడగలేదు.

"రేపు అంటే ఎంత?"

కింద అంకె వేయడానికి ఒక గడి. ఆమె అందులో ఏ అంకె వేస్తే అంతసేపు అది ఆగుతుంది. గడువు దాటగానే ఇక అడగదు, తిరగలిలో వేసేస్తుంది. ఆ మనిషికే కాదు, రేపు చెప్తానన్న ప్రతి మనిషికీ, అన్ని తిరగళ్ల దగ్గరా అదే అంకె.

"ఏదో ఒకటి వెయ్యి చెల్లె," అన్నాడు సదయ్య. "ఒక దినం అను."

భూలక్ష్మి వేళ్లు అంకెల మీద ఆడాయి. ఆ మనిషి చెయ్యి ఏం నేర్చుకుందో ఆమెకు తెలియదు. ఎందుకు ఇవాళ చెప్పలేకపోయాడో తెలియదు. ఇంట్లో ఎవరినైనా అడగాలేమో. లేక ఊరికే మనసొప్పలేదేమో.

గడిని ఖాళీగా వదిలేసి, గాజుబిందువులోకి చూసింది. సంతకం పడింది.

కూర్పరి నుంచి ఒప్పుకోలు రాలేదు. తెర వెలుగుతూనే ఉంది, ఏమీ లేకుండా. సదయ్య తిరగలి వైపు నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది. బోర్డును పక్కకు తీసే ఏర్పాటు ఆ పట్టీకి లేదు. అలాంటి అవసరం ఎన్నడూ రాలేదు. అతను కంచె దాటి, మోకాళ్ల మీద వంగి, ఆ బోర్డును చేత్తో తీశాడు. తీశాక ఎటు వెళ్లాలో తెలియక నిలబడ్డాడు. ముద్రణశాల మొత్తంలో ఒక వస్తువును దాచిపెట్టే చోటంటూ లేదు. వచ్చింది వచ్చినట్టు పొడి కావాలి, పొడి అయింది అయినట్టు బోర్డు కావాలి.

"దీన్నెక్కడ పెట్టాలె?" అన్నాడు. అతని అరచేతిలో ఆకుపచ్చ చుక్క సన్నగా వెలుగుతోంది.

"ఇటు తే అన్నా." భూలక్ష్మి ముందు నడిచి, తన గదిలో బల్ల మీది సామానంతా ఒక పక్కకు నెట్టింది.

వెనక సొరంగంలో పట్టీ ఒక అడుగు కదిలి, తర్వాతి బోర్డు దగ్గర మళ్లీ ఆగింది.